11 × 8 అడుగుల వంటగది: గట్టు, పొయ్యి, సింకు ఎక్కడెక్కడ పెట్టించుకోవాలి?

కావలి నుంచి ఒక గృహిణి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కావలిలో మామగారు కట్టించిన పడమటి ముఖం ఇల్లు. స్తంభాలు లేకుండా గోడల మీదే స్లాబు వేసిన పాత కట్టడం. వంటగదిని పూర్తిగా మార్పించుకోవాలని నిశ్చయించుకున్నాము. ఆగ్నేయ మూలన ఉన్న ఈ గది తూర్పు పడమరలుగా 11 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 8 అడుగులు. పడమటి గోడలో హాలు గుమ్మం, తూర్పు గోడకు ఉత్తరపు కొసన పెరటి తలుపు, దక్షిణపు గోడలో 4 అడుగుల కిటికీ ఉన్నాయి. ఉత్తరపు గోడకు అవతల పూజగది.

ఇప్పుడు తూర్పు గోడ వెంబడి ఐదున్నర అడుగుల గట్టు మాత్రమే ఉంది. సింకు దక్షిణపు గోడకు పడమటి కొసన విడిగా ఉన్నందువల్ల, కూరగాయలు కడిగి, తరిగి, పొయ్యి మీద వేసేసరికి గది ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నోసార్లు తిరగవలసి వస్తోంది. అత్తగారూ నేనూ కలిసి వండుతాము. ఆమె నాకంటే బాగా పొట్టి.

మాడ్యులర్ కిచెన్ దుకాణం వారు పెరటి తలుపు మూసివేసి మూడు వైపులా గట్టు కట్టిద్దామని, హాలు వైపు గోడ తీసివేసి ఓపెన్ కిచెన్ చేద్దామని అంటున్నారు. చేపలు పెరట్లోనే కడుగుతాము కాబట్టి ఆ తలుపు పోకూడదని అత్తగారి పట్టు, నాకూ అదే సబబుగా తోస్తోంది. పొయ్యి తూర్పు ముఖంగానే ఉండాలి. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

ఒంగోలు నుంచి ఒక సివిల్ ఇంజినీరు

అమ్మా, ముందుగా గోడ సంగతి. స్లాబు బరువు గోడల మీదే ఉన్న ఇంట్లో హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీయడమంటే స్లాబు కింద ఆసరా తీసివేయడమే. తీయక తప్పదనుకుంటే, ఇంజినీరు చేత లెక్క కట్టించి, స్లాబు కింద తాత్కాలికంగా ఆసరా స్తంభాలు నిలబెట్టి, బీము వేయించిన తరువాతే గోడను ముట్టుకోవాలి. ఆ ఖర్చుతో మీ గట్టు, అరలు చాలావరకు పూర్తవుతాయి. పైగా మన ఇళ్లలో పోపు ఘాటు, చేపల పులుసు వాసన ఎంత దూరం పాకుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. గోడను ఉండనివ్వండి. పెరటి తలుపును కూడా ఉండనివ్వండి, వంటగదికి అదే పెద్ద గాలి దారి.

నెల్లూరు నుంచి, ఇళ్ల ప్లాన్లు గీసే వృత్తిలో ఉన్న ఒకరు

మీరిచ్చిన కొలతలు కాగితం మీద గీసి చూశాను. మూడు వైపుల గట్టు మీకు అవసరం లేదు. ఎంత పొడవు గట్టు ఉందన్నదానికంటే, సింకుకూ పొయ్యికీ మధ్య అడ్డం లేని చోటు ఎంత ఉందన్నది ముఖ్యం. కడగడం, తరగడం, వండడం వరుసగా జరిగే పనులు కాబట్టి గట్టు కూడా ఆ వరుసలోనే సాగాలి.

తూర్పు, దక్షిణపు గోడల వెంబడి ఎల్ ఆకారంలో రెండడుగుల వెడల్పు గట్టు వేయించండి. తూర్పు గోడకు తలుపు పోగా మిగిలేది ఐదున్నర అడుగులు, అందులో మూల రెండడుగులు తీసేస్తే మూడున్నర. మూడు బర్నర్ల పొయ్యికి రెండున్నర అడుగులు చాలు కాబట్టి దానిని మూల వైపుకు జరిపి, తలుపు వైపు అడుగు ఖాళీ వదలండి. దించిన గిన్నెలు పెట్టుకోవడానికి కుడిచేతి వైపు మూల పనికివస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు తలుపులోంచి కొట్టి మంటను ఆర్పకుండా, గట్టు కొసన అడుగు ఎత్తు గ్రానైట్ పలకను నిలబెట్టించండి. ఇది చిన్న పనే అయినా మరిచిపోవద్దు.

దక్షిణపు గోడకు మూల తరువాత 4 అడుగులు పూర్తిగా ఖాళీగా ఉంచండి. కిటికీ వెలుగు పడే ఆ చోటే మీరిద్దరూ తరుగుకునే చోటు. ఆ తరువాత రెండడుగులు సింకు, చివరి మూడడుగులు కడిగిన గిన్నెలకూ నీళ్ల ఫిల్టరుకూ. ఉత్తరపు గోడకు పడమటి కొసన ఫ్రిజ్, పెరటి తలుపుకు అడ్డం రాకుండా కొంత వదిలి మిగిలిన గోడకు 15 అంగుళాల లోతు అరలు: బియ్యం డబ్బా కింద, పచ్చడి జాడీలు నడుము ఎత్తున, ఎప్పుడో వాడే ఇత్తడి సామాను పైన. అరలు లోతు తక్కువగా ఉంటే వెనక వస్తువు కోసం ముందున్నవన్నీ దించవలసిన పని ఉండదు. ఇద్దరు ఒకరినొకరు రాసుకోకుండా తిరగడానికి మధ్యన 4 అడుగులు కావాలి. మీకు ఫ్రిజ్ దగ్గర తప్ప అంతకంటే ఎక్కువే వస్తుంది. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్య దూరాలు కలిపితే 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలని ప్లాన్లు గీసేవారు పాటించే లెక్క. మీకు 20 లోపే వస్తోంది.

కావలి గృహిణి

చాలా కృతజ్ఞతలండీ. రెండు సందేహాలు మిగిలాయి. సింకు ఈశాన్యాన ఉండాలంటారు కదా, దక్షిణపు గోడకు ఉంటే పరవాలేదా? గట్టు ఎత్తు ఎవరికి సరిపోయేలా పెట్టించాలి?

నెల్లూరు నుంచి అదే సభ్యులు

మీకు ఈశాన్యాన తలుపు ఉంది కాబట్టి అక్కడ సింకుకు వీలు లేదు. నీరూ నిప్పూ పక్కపక్కన ఉండకూడదన్న నియమాన్ని మధ్యనున్న 4 అడుగుల ఖాళీ చక్కగా నెరవేరుస్తోంది. పొయ్యి ఆగ్నేయాన, వండేవారు తూర్పు ముఖాన అన్న రెండూ కుదిరాయి. ఇక ఎత్తు విషయం: నిలబడి మోచేయి మడిచినప్పుడు, మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. ఎక్కువసేపు తరిగేవారి కొలత తీసుకోండి, మన ఆడవారికి సాధారణంగా 32 నుంచి 34 అంగుళాల మధ్య వస్తుంది. అయితే గట్టు మీద పెట్టే పొయ్యి తనంతట తానే ఐదారు అంగుళాల ఎత్తు ఉంటుంది కనుక, పొయ్యి ఉన్న భాగాన్ని మూడు నాలుగు అంగుళాలు కిందికి దించి కట్టిస్తే, పెద్ద గిన్నెలో కలిపేటప్పుడు అత్తగారు మునివేళ్ల మీద నిలబడవలసిన అవసరం రాదు.

చీమకుర్తి నుంచి, గ్రానైట్ పనిలో ఉన్న ఒకరు

మా ఊరి నల్ల గెలాక్సీ గ్రానైట్ గట్టుకు నిశ్చింతగా వాడవచ్చు. మన వంటలో చింతపండు, నిమ్మరసం నిత్యం ఒలుకుతాయి. పాలరాయి వాటికి మెరుపు కోల్పోతుంది, గ్రానైట్ కోల్పోదు. కానీ నల్ల రాయి మీద బోరు నీళ్ల ఉప్పు మరకలు తెల్లగా కనిపిస్తాయి, కాబట్టి సింకు చుట్టూ రోజూ పొడిగుడ్డతో తుడవవలసి ఉంటుంది. రాయి ముందు అంచు కింది వైపున సన్నని గాడి కోయించండి. ఒలికిన నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది, తలుపుల మీదికి జారదు.

సింకు కింద చెక్క అసలు వద్దు, కడప బండల అరలు వేసి అల్యూమినియం తలుపులు పెట్టించండి. మిగతా చోట్ల ప్లైవుడ్ వాడితే నీటికి తట్టుకునే రకమని తెలిపే ఐఎస్ 710 గుర్తు ఉన్నదే అడగండి. కావలికి ఉప్పు గాలి తగులుతుంది కాబట్టి కీళ్లూ మేకులూ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. నేల కడిగే అలవాటు ఉన్న ఇంట్లో అరల అడుగు నేలకు 4 అంగుళాల పైన ఉండాలి.

ఒంగోలు ఇంజినీరు

ఒక్క మాట కలుపుతాను. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందువల్ల సిలిండరును గట్టు కింద పెట్టేటట్లయితే, ఆ అర తలుపుకూ బయటి గోడకూ నేలకు ఆనుకుని గాలి రంధ్రాలు ఉంచాలి. ఐఎస్ఐ గుర్తున్న రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరు మించకూడదు, 5 సంవత్సరాలకు ఒకసారి మార్చాలి. ఇండక్షన్ పొయ్యికి, ఓవెన్‌కు విడి వైర్లతో 16 ఆంపియర్ల సాకెట్లు కావాలి. మిక్సీకి, గ్రైండరుకు 6 ఆంపియర్లు చాలు. సింకు పక్కన సాకెట్లు పెట్టనివ్వకండి. చిమ్నీ గొట్టం తూర్పు గోడలోంచి నేరుగా బయటికి పోవాలి, వంపులు పెరిగే కొద్దీ పొగ లాగడం తగ్గుతుంది. సాకెట్లు, గొట్టాలు, సింకు కాలువ వాలు అన్నీ గోడ మీద గుర్తులు పెట్టించి, వైరింగు, ప్లంబింగు పూర్తయి, గొట్టాల్లో నీరు నిలిపి కారడం లేదని చూసుకున్న తరువాతే టైల్సు వేయించండి.