తాళం వేసిన ఇంటి స్వాధీనం: అమీనుకు ఎంతవరకు అధికారం ఉంటుంది?

డిక్రీ అమలు వ్యవహారాలు తెలిసిన న్యాయవాదులు, కోర్టు సిబ్బంది ఎవరైనా ఉంటే దయచేసి సమాధానం చెప్పండి.

అద్దెదారును ఖాళీ చేయించే డిక్రీ మా బాబాయికి వచ్చింది. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే ఇల్లు స్వాధీనం ఇప్పించమని కోర్టు వారంటు ఇచ్చింది. అమీను (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) వెళ్లేసరికి ముందు గదులకు తాళాలు. వెనక వాటాలో అద్దెదారు తల్లి, మంచం దిగలేని పెద్దావిడ, ఒక్కరే ఉన్నారు. అమీను ఆ సంగతి రాసి వారంటు తిప్పి పంపారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లో ఆర్డర్ 21, రూల్ 35 చదివాను. డిక్రీకి కట్టుబడిన వ్యక్తి దారి ఇవ్వకపోతే, తగిన హెచ్చరిక చేసి, కోర్టు తన అధికారుల ద్వారా తాళం తీయించవచ్చు, తలుపు పగలగొట్టించవచ్చు అని స్పష్టంగానే ఉంది. అయినా తాళం పగలగొట్టడానికి ఒక పిటిషన్, పోలీసు బందోబస్తుకు మరొకటి వేయాలని మా వకీలు అంటున్నారు. ఆంధ్రప్రదేశ్ కోర్టుల్లో ఇవి విడివిడిగా వేయడం తప్పనిసరా? లోపలి సామాన్ల జాబితా ఎవరు రాస్తారు, ఎవరికి అప్పగిస్తారు?

అన్నిటికన్నా నన్ను బాధిస్తున్నది ఆ పెద్దావిడ విషయం. డిక్రీలో ఆవిడ పేరు లేదు. కొడుకు హక్కు మీదే ఉంటున్నారు కాబట్టి ఆవిడకూ వర్తిస్తుందంటున్నారు. వర్తించినా సరే, ఆవిడను పోలీసుల చేత మోయించి వీధిలో దింపించడం మాకు ఇష్టం లేదు. బంధువుల ఇంటికో ఆసుపత్రికో చేర్చాకే స్వాధీనం ఇప్పించమని కోర్టునే కోరవచ్చా? అలాంటి ఉత్తర్వు తెచ్చుకున్నవారు పిటిషన్‌లో ఏమని రాశారో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.