16, 17 ఏళ్ల పిల్లలకి పని అనుభవం: యజమానులని ఒప్పించడం ఎలా?

వాలంటీర్_ఒకడు:
నమస్తే అందరికీ. చదువు మధ్యలో ఉన్న పిల్లలకి సెలవుల్లో రెండు వారాల పాటు దగ్గర్లోని షాపులు, వర్క్‌షాపులు, ఆఫీసుల్లో పనెలా ఉంటుందో చూపించాలని మా ఆలోచన. చుట్టుపక్కల చిన్న కంపెనీలన్నిటికీ మెయిళ్లు పెట్టాం, పలికిన నాథుడు లేడు. ఒప్పుకున్న ఒకరిద్దరు కూడా పిల్లల్ని ఓ మూల కూర్చోబెట్టి సాయంత్రం దాకా జిరాక్సులు తీయించి పంపేశారు. యజమానుల వైపున్నవాళ్లు ఎవరైనా మొహమాటం లేకుండా చెప్పండి, ఎక్కడ తేడా కొడుతోంది?

గ్యారేజీ_మనిషి:
నాది బండ్లు రిపేరు చేసే గ్యారేజీ. మెయిల్ చూసే తీరిక నాకెక్కడిదండీ. పోనీ చూసినా అందులో 'అవకాశం ఇవ్వగలరు' అని ఉంటుంది తప్ప వచ్చేది ఎంతమంది, ఏ తేదీల్లో, ఎన్ని గంటలు, వేలు నలిగితే బాధ్యత ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా, ఇవేమీ ఉండవు. మాకు పిల్లలంటే చిరాకు కాదు, వాళ్లని కనిపెట్టుకుని ఉండే మనిషి లేడు, అదీ సంగతి. పని పల్చగా ఉన్న వేళ చూసి మీరే వచ్చి, 'ఒక్కడే, ఫలానా సోమవారం నుంచి, రోజుకి నాలుగు గంటలు, ఏదైనా అయితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి' అంటే నాలాంటివాళ్లు కాదనరు.

ఇక పని. మొదటిరోజే స్పానర్ ఇవ్వను, జాబ్ కార్డు, అంటే బండికి ఏం తేడా వచ్చిందో రాసుకునే కాగితం, అది రాయమంటాను. 'బ్రేకులు బాగోలేవు' అని రాస్తే కొట్టేస్తాను. ఎప్పుడు బాగోలేవు, వాన పడ్డప్పుడా, దిగుడులోనా, శబ్దం ముందు చక్రంలోనా వెనకా, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోందా, ఇవన్నీ కస్టమర్‌ని అడిగి రాయాలి. తర్వాత మెకానిక్ పక్కన నిలబడాలి. పెడల్ మెత్తగా ఉందంటే లైన్లో గాలి చేరిందా, ఫ్లూయిడ్ కారుతోందా అని ఆయన ఎందుకు వెతుకుతున్నాడో అప్పుడు అర్థమవుతుంది. కొద్దిరోజులకి వాడు రాసిన కార్డు పట్టుకునే మెకానిక్ పని మొదలెడతాడు. అది నిజం పనే, మిషన్లో చెయ్యి పెట్టక్కర్లేదు.

పాఠాలమేడమ్:
ఆ మిషన్ల మాట గట్టిగా పట్టుకోండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం ప్రమాదకరమైన పనికి కనీస వయసు 18. తగిన శిక్షణ, రక్షణ ఉంటేనే 16 నుంచి మినహాయింపు. మీ దగ్గరి చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు, ముందు అది చూసుకోండి.

ఇంకోటి, 'తెలిసినవాళ్ల దగ్గర మీరే చూసుకోండి' అని పిల్లలకే వదిలెయ్యకండి. అలా వదిలేస్తే డాక్టరు కూతురు ఆసుపత్రికి, లాయరు కొడుకు లాయరాఫీసుకి వెళ్తారు, ఎవరూ తెలియనివాడు ఇంట్లోనే ఉంటాడు. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో రాసిన వ్యాసం ఒకటుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని ఆయన అడిగితే, కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లమన్నది దాదాపు 17 శాతమే. మిగతావాళ్లకి చెప్పింది ఎప్పుడో ఓసారి కనబడే ముఖపరిచయస్తులు. కొంతమంది పిల్లలకి అసలు ఆ ముఖపరిచయాలే లేవు. రెండు వారాలు పని చూపించిన యజమాని అలాంటి మొదటి మనిషి కావచ్చు. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్లాలో మీరే జత కలపండి.

తక్కువ రోజులని బెంగ వద్దు. స్విట్జర్లాండ్‌లో అప్రెంటిస్‌గా చేరేముందు కొద్దిరోజులు వెళ్లి పని చూసొచ్చే పద్ధతి ఉంది. నాకీ పని నప్పదని తెలిసినా లాభమేగా.

అడ్డదిడ్డం:
అంతా బాగానే ఉంది గానీ, ఊరికే వచ్చిన చేతులని వాడుకునేవాళ్ల సంగతేంటి? నా లెక్క ఒకటే. పిల్లాడు రేపు రాకపోతే మీ పని ఆగిపోతుందా? ఆగితే అది ఉద్యోగం, జీతం ఇవ్వండి. లేదంటే కనీసం దారి ఖర్చులన్నా ఇవ్వండి, అవి లేకే మానేసే పిల్లలుంటారు.

కొత్తచెప్పులు:
నేను ఇలా వెళ్లొచ్చినదాన్నే. పని కంటే ఎక్కువ టెన్షన్ పెట్టినవి ఏం బట్టలు వేసుకోవాలి, ఎవర్ని ఏమని పిలవాలి, భోజనం ఎక్కడ తినాలి అన్నవి. ఎవరూ చెప్పరు, అడగాలంటే సిగ్గు. ముందురోజే చెప్పేయండి ప్లీజ్.

వాలంటీర్_ఒకడు:
అందరికీ థాంక్స్. ఈసారి మెయిళ్లు మానేసి మనిషినే వెళ్తాను. గ్యారేజీ గారూ, మీరు సరే అన్నాక నేనింకేం తేల్చుకుని వెళ్లాలి?

గ్యారేజీ_మనిషి:
పిల్లల్ని చూసుకునేది ఎవరో పేరు అడగండి. 'మా స్టాఫ్ చూసుకుంటారు' అన్నారంటే ఎవరూ చూడరని అర్థం, అక్కడికి పంపకండి. ఆ మనిషి సెలవు పెడితే బదులు ఎవరో కూడా అడగండి. పంపాక మొదటి వారం బుధవారం ఒక ఫోన్ కొట్టండి, ఏదైనా సరిగ్గా లేకపోతే మార్చడానికి అప్పటికింకా టైముంటుంది.