గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు రక్తం పలుచన చేసే గోళీలు ఎందుకు మానేస్తున్నారు? తప్పు ఎవరిది?

దేవరకొండ మాస్టారు:
మా వైపు మెటల్ వాల్వు వేయించుకున్న ఒకాయనకు పోయిన నెల పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవడం లేదు. కొన్ని నెలలుగా గోళీలు సరిగా వాడటం లేదని ఆసుపత్రిలో తేలింది. పలకరించడానికి పోయినవాళ్లంతా ఆయన ముఖం మీదనే అన్నారు, "ఆరోగ్యశ్రీలో అంత పెద్ద ఆపరేషన్ అయింది, రోజుకొక గోళీ వేసుకోలేకపోయినవా" అని. ఈ మాటతోనే నాకు పేచీ.

వార్ఫరిన్ లాంటి ఈ గోళీ బీపీ గోళీ లాంటిది కాదు. డోసు ఒకచోట ఆగదు. ఐఎన్‌ఆర్ అనే, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చూపే రక్తపరీక్ష చేసి, అది మామూలుగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్యది) అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉండేలా సర్దుతూ ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, అది మెదడుకు పోతే పక్షవాతం, పెరిగితే రక్తస్రావం. డోసు కుదురుకున్నాక కూడా దాదాపు నెలకోసారి పరీక్ష తప్పదు.

ఆయనది కృష్ణ ఒడ్డు తండా. ఆటోలో మండల కేంద్రానికి, అక్కడి నుంచి బస్సులో టౌనుకు పోవాలి. పొద్దున రక్తం ఇస్తే రిపోర్టు మధ్యాహ్నం దాటాక వస్తుంది. చీకటి పడితే తండాకు ఆటో ఉండదు. ఒక్కడే పోలేడు, భార్య తోడుండాలి, అంటే రెండు కూలీలు పోయినట్టే. పత్తి ఏరే రోజుల్లో ఆ రెండు కూలీలు వదులుకునే ఇల్లు కాదది. అసలు సంగతి వినండి. "పరీక్ష చేయించకుండా ఈ గోళీ వాడితే ప్రమాదం" అని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి పంపారట. అందుకని పరీక్షకు పోలేని నెలలో ఆయన గోళీ కూడా ఆపేశాడు. ఇది నిర్లక్ష్యమా? చెప్పింది చెప్పినట్టు విన్నాడు.

పాలమూరు సిస్టర్:
నమస్తే మాస్టారూ. గుండె జబ్బుల ఓపీలో పనిచేస్తాను. దూరం, కూలి నిజమే, కాదనను. కానీ అంతా దాని మీదికే తోసేస్తే మేం రోజూ చూసేది మరుగున పడుతుంది. కారులో వచ్చేవాళ్లు కూడా మానేస్తున్నారు. నొప్పి గోళీ వేసుకుంటే నొప్పి పోయినట్టు తెలుస్తుంది. ఇది వేసుకున్నా ఏమీ తెలియదు, మానేసినా ఆ వారం ఏమీ తెలియదు. "మంచిగనే ఉన్న గదా సిస్టర్" అంటారు.

ఇంకొకటి, మీ మగవాళ్ల చర్చల్లో ఎప్పుడూ రానిది. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి వాల్వు చెడినవాళ్లలో వయసులో ఉన్న ఆడపిల్లలే చాలామంది. ఈ గోళీలతో నెలసరి రక్తం ఎక్కువ పోతుంది. ఆ ఐదు రోజులూ గోళీ ఆపేస్తారు. డాక్టరు అడిగితే "రోజూ వేసుకుంటున్న" అంటారు, ఎందుకంటే పక్కన మామ నిలబడి ఉంటాడు. నేను డ్రెస్సింగ్ గదిలోకి పిలిచి, తలుపు వేసి అడిగితే అప్పుడు సంచీలోంచి స్ట్రిప్పు తీసి చూపిస్తారు. ఐదు గోళీలు వరుసగా అట్లాగే ఉంటాయి. గర్భం నిలిస్తే ఇంకా కష్టం. మొదటి నెలల్లో ఈ గోళీ బిడ్డకు హాని చేయవచ్చు, అందుకే డాక్టర్లు చాలాసార్లు హెపారిన్ (ఇదీ రక్తం పలుచన చేసేదే) ఇంజెక్షన్లకు మారుస్తారు. ఆ సంగతి ముందే ఎవరూ చెప్పక, భయంతో సొంతంగా ఆపేస్తే తల్లికే ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని కూలి లెక్కలో ఎక్కడ వేస్తారు?

మునుగోడు ఫార్మసిస్ట్:
మీరిద్దరూ మానేయడం గురించే మాట్లాడుతున్నారు. మానకుండా వాడేవాళ్లను చెడగొడుతున్నది మేమూ, ఆర్‌ఎంపీలూ. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా ఉంది. మోకాళ్లు, నడుము పట్టేసినవాళ్లు ఇంటికొకరు. నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, రెండు డైక్లోఫెనాక్ గోళీలు. పలుచన గోళీ వాడుతున్నారా అని అడిగే నాథుడు లేడు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది, విరేచనం నల్లగా తారులా వస్తుంది. ఊరంతా చూస్తుంది. పేరు మాత్రం గుండె గోళీకే వస్తుంది, "అది వేసుకుంటే రక్తం పోతది" అని. తర్వాత ఆ ఊళ్లో ఇంకొకరు మానేస్తారు. వాళ్ల భయం ఉత్త మూఢనమ్మకం కాదు, కళ్లారా చూసి భయపడ్డారు.

డోసు చీటీ సంగతీ చూడండి. ఒకరోజు 2 మి.గ్రా., మర్నాడు 3 మి.గ్రా. అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఇంట్లో ఉన్నది చదువురాని ముసలమ్మ. మా దగ్గర 3 లేకపోతే 2 ఇచ్చి "ఒకటిన్నర వేసుకో అమ్మా" అంటాం. ఆమె దాన్ని కత్తిపీట మీద కోస్తుంది.

కల్వకుర్తి తమ్ముడు:
అన్నా, ఇంత గొడవ ఎందుకు? పరీక్ష అక్కర్లేని కొత్త గోళీలు వచ్చాయి కదా. అపిక్సబాన్, రివరాక్సబాన్. అందరికీ అవే రాస్తే సరిపోదా? పాతవి రాసే డాక్టర్లదే తప్పు అంటాను. ఫోన్‌లో అలారం పెట్టుకోలేమనే పేషెంట్లదీ కొంత తప్పుంది.

పాలమూరు సిస్టర్:
తమ్ముడూ, ఈ మాట నమ్మి ఎవరైనా గోళీ మార్చుకుంటే ప్రాణం పోతుంది, అందుకే వెంటనే రాస్తున్నా. మెటల్ వాల్వుకు కొత్త గోళీలు పనికిరావు. డాబిగాట్రాన్ అనే ఇంకో కొత్త గోళీతో ప్రయత్నిస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువై ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కీళ్ల జ్వరంతో వాల్వు చెడి, గుండె లయ తప్పినవాళ్ల మీద, మన దేశం వాళ్లతో సహా సుమారు 4,500 మంది మీద చేసిన పరిశోధన 2022లో వచ్చింది. అందులోనూ రివరాక్సబాన్ కన్నా పాత గోళీలే నయమని తేలింది. వాల్వు జబ్బు లేకుండా లయ మాత్రమే తప్పినవాళ్లకు కొత్తవి మంచివే. స్టెంటు వేసినవాళ్ల క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ సంగతి పూర్తిగా వేరు. కణజాల వాల్వు (మెటల్ కాకుండా జంతువుల కణజాలంతో చేసింది) వేసినవాళ్లలో చాలామందికి మొదటి కొన్ని నెలలే వార్ఫరిన్ ఇస్తారు. ఒకరి చీటీ చూసి ఇంకొకరు వాడొద్దు.

అచ్చంపేట కోడలు:
అక్కా, మా ఆయనకు మెటల్ వాల్వు. పుణెలో మేస్త్రీ పనికి పోతాడు. అక్కడ పరీక్ష చేయించుకోవచ్చా? ఆకుకూరలు ముట్టొద్దన్నారు, తోటకూర లేకుండా సైటు మీద ఏం తింటాడు? ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకుంటున్నాడు.

పాలమూరు సిస్టర్:
రెండు వేసుకోవద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పమ్మా. అదే రోజు రాత్రిలోగా గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు గుర్తొస్తే ఆరోజు గోళీ ఒక్కటే. ఆకుకూరలు మానక్కర్లేదు. వాటిలోని విటమిన్ కె ఈ గోళీకి ఎదురు పనిచేస్తుంది కాబట్టి వారం వారం ఇంచుమించు ఒకే లెక్కలో తినాలి. వారమంతా ముట్టకుండా ఆదివారం గిన్నెడు తింటేనే ఐఎన్‌ఆర్ తప్పుతుంది. కల్లూ సారా మాత్రం ఒద్దు. పుణెలో ఏ మంచి ల్యాబులోనైనా చేయించుకోవచ్చు, ఎప్పుడూ ఒకే ల్యాబు అయితే మేలు. రిపోర్టు ఫొటో మీ డాక్టరుకు పంపి డోసు అడగాలి. దెబ్బ తగిలి తలకు గాయమైతే, నల్ల విరేచనం అయితే, మాట తడబడితే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

దేవరకొండ మాస్టారు:
సిస్టర్, ఆడపిల్లల సంగతి మీరు చెప్పింది నా ఆలోచనలో లేదు, తీసుకుంటున్నాను. అయినా ఒక్క మాట మీద నిలబడతాను. బీపీ, షుగర్ పరీక్ష ఊళ్లోకి వచ్చింది. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి చూస్తున్నది. వేలు గుచ్చి ఐఎన్‌ఆర్ చూసే మిషన్లు ఉన్నాయి. కనీసం ఏరియా ఆసుపత్రిలో వారానికొకరోజు అది పెట్టి, డోసు తెలుగులో రాసిచ్చి, ఆడవాళ్లతో మాట్లాడటానికి మీలాంటి ఒక సిస్టర్‌ను కూర్చోబెట్టమని సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాను. మీ మండలం పేరు, ఐఎన్‌ఆర్‌కు ఎక్కడిదాకా పోతున్నారు, రానూపోనూ ఎంత అవుతున్నది ఇక్కడ రాయండి. ఆ వివరాలన్నీ అర్జీకి జతచేస్తాను. పేషెంటు పేరు రాయొద్దు.