అప్‌డేట్: కాలవ నీళ్ళ యాప్‌లో పాయింట్ల గొడవ తేలింది

ఇంతకుముందు అడిగింది నేనే. కోనసీమలో కాలవకి నీళ్ళు ఎప్పుడొస్తాయో, కొబ్బరి రేటెంతో చెప్పే యాప్‌ని మా కుర్రాళ్ళు జీతం లేకుండా చేసిపెడుతున్నారు, పాయింట్లేమో కోడ్ ఎన్నిసార్లు ఎక్కించారన్న లెక్కన పడుతున్నాయి, దాంతో చిన్న మార్పుని ముక్కలు చేసి ఎక్కించినవాడు పైనా, పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు విరగకుండా బాగుచేసినవాడు కిందా ఉంటున్నారు, ఏం చేయాలి అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్సండీ.

ఇప్పుడు పాయింట్లు కోడ్ ఎక్కించిన లెక్కన కాదు, ఫీచర్ బాగుందన్న ఓట్ల లెక్కన పడతాయి. ఆ ఓట్లని కొలవడానికి పనిచేసింది విల్సన్ స్కోరు. 1927 నాటి లెక్క అది. ఉత్త సగటు కాకుండా, ఎంతమంది ఓటేశారో చూసి, బాగుందనేవాళ్ళ అసలు శాతం కనీసం ఎంత ఉండొచ్చో ఆ కింది అంచు తీసుకుంటుంది: 3కి 3 మందీ బాగుందన్నా 44 శాతమే, 100కి 90 మంది అంటే దాదాపు 83. ఇక బావమరిదీ తమ్ముడూ నొక్కినంత మాత్రాన ఎవరూ పైకెక్కలేరు. ఓటు కూడా ఆ ఫీచర్ నిజంగా వాడిన రైతుకే ఇచ్చాం. ప్రోగ్రామర్ల ప్రశ్నలూ జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓట్ల వల్ల వచ్చే పాయింట్లకి రోజుకి 200 హద్దు ఉందని ఒకరు చెప్పారు కదా, అలాంటిదే చిన్నది మేమూ పెట్టాం.

పాత పాయింట్లు మెల్లగా అరగాలి అన్నదాని మీదే పెద్ద రగడ. మొదట్లో కోడ్ రాసినవాళ్ళు ఊరుకోరు మరి! ర్యాంకు అరుగుతుంది, పేరు మాత్రం యాప్‌లో ఉండిపోతుంది అన్నాక ఒప్పుకున్నారు.

పాయింట్ల కోసం బ్లాక్‌చెయిన్ టోకెన్లు (డిజిటల్ నాణేల్లాంటివి) అక్కర్లేకపోయాయి. దొంగ అకౌంట్లని టెన్షన్ పడ్డాం, అదీ లేదు, అన్నీ చుట్టాల ఓట్లే.

ఒక్క లోటు ఉంది. లంకల్లో (గోదావరి మధ్య దీవుల్లో) పంటు, అంటే ఏరు దాటించే పడవ, టైమింగుల పేజీ వాడేదే కొద్దిమంది, విల్సన్ దాన్ని అడుక్కి తోసేస్తోంది. అలాంటివాటికి విడిగా జాబితా పెట్టాం.