తత్రీజ్ కుట్టుకు తెలుగు మాట కావాలి

నేను రాస్తున్న కథలో, పాలస్తీనాలోని యాఫా నగరం దగ్గరి బైత్ దజన్ పల్లెకు చెందిన 14 ఏళ్ల బాలిక తన పెళ్లి అంగీ ఛాతీభాగాన్ని ఎర్ర పట్టుదారంతో కుడుతుండగా, 1948 ఏప్రిల్‌లో యుద్ధం వల్ల ఊరు ఖాళీ అయిపోతుంది. సగం కుట్టిన ఆ గుడ్డను నడుముకు చుట్టుకొని ఆమె బయలుదేరుతుంది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ తత్రీజ్ పనిలో పాలస్తీనా స్త్రీలు గుడ్డ పోగులు లెక్కపెట్టి, గుణకారపు గుర్తులా దారాన్ని దాటిస్తారు. ఆమె ఎదుగుదలంతా ఆ కుట్టుతోనే ముడిపడి ఉంది కనుక పేరును దాటవేయలేను. ‘అల్లిక’ అంటే ఊలు గుర్తొస్తోంది, ‘కసూతి’ అంటే ధార్వాడ చీర కళ్ల ముందు నిలుస్తోంది, ‘ఎంబ్రాయిడరీ’ ఆ పిల్ల నోట అతకడం లేదు. రెండు నిఘంటువులు వెతికాను, మా వీధి దర్జీని అడిగితే ఆయనా ‘క్రాస్ స్టిచ్’ అనే అన్నారు. పోగులు లెక్కించి వేసే ఈ కుట్టును మీ ఇళ్లలో పెద్దవాళ్లు తెలుగులో ఏమని పిలిచేవారు?