‘ఒమొతే’ని తెలుగులో ఏమనాలి: ముసుగా, తొడుగా, ముఖమా?

పొద్దు:
జపాన్ ‘నో’ (మాస్కులతో ఆడే అక్కడి సంప్రదాయ నాటకం) నటులూ వేరే దేశపు నర్తకులూ కలిసి చేసే ఒక ప్రదర్శనకి తెలుగు కరపత్రం తయారవుతోంది. సాంస్కృతిక అస్తిత్వం దాని విషయం. ఇంగ్లీషు ప్రతిలో ‘మాస్క్’ ఉన్న ప్రతిచోటా మొదటి చిత్తులో ‘ముసుగు’ పడింది. ‘నటుడు ముసుగు ధరించి ప్రవేశిస్తాడు’, ‘ముసుగు వెనుక అసలు మనిషి’ వగైరా. నో వాళ్లు దాన్ని ‘ఒమొతే’ అంటారు, అంటే ముఖం, ఎదుటి వైపు. ముసుగే ఉంచాలా, ముఖతొడుగు అనాలా, మాస్కు అని వదిలేయాలా? దానికి ఏ క్రియ వాడాలి?

చిత్రిక:
ముసుగు వద్దండీ. ముసుగు తన్ని పడుకుంటాం, ముసుగులో గుద్దులాట అంటాం, దొంగ ముసుగు వేసుకుంటాడు. ఎటు తిప్పినా దాచడమే. ఒమొతే చేసే పని వేరు. కొలతలు చూడండి: నిలువు సుమారు 21 సెంటీమీటర్లు, అడ్డం 13, 14 దాకా, లోతు 7. పెద్దవాళ్ల ముఖం కంటే చిన్నది. పడుచుపిల్ల ఒమొతే కింద అరవయ్యేళ్ల నటుడి గడ్డం, దవడలు హాయిగా కనిపిస్తుంటాయి. దాన్నెవరూ లోపం అనుకోరు, కప్పే ప్రయత్నమూ చేయరు. కాబట్టి ‘ముసుగు వెనుక అసలు మనిషి’ అన్న వాక్యం మొత్తం కొట్టేయండి. పాత్ర, మనిషి ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉన్నారు. అస్తిత్వం గురించి ఆ ప్రదర్శన ఏమైనా చెప్పదలిస్తే అక్కడే చెబుతుంది.

పాతనిఘంటువు:
‘ముఖం’ అనే అనండి. వరలక్ష్మీ వ్రతానికి కలశం మీద అమ్మవారి వెండి ముఖం కడతాం. దాన్ని ముసుగనీ మాస్కనీ ఏ ఇంట్లోనూ అనరు. అది పెట్టాక కలశమే అమ్మవారు. కొత్తమాట పుట్టించే పనిలేదు.

రెండోగంట:
ముఖం బాగుంది గానీ క్రియ దగ్గర జాగ్రత్త. ‘నటుడు ముఖం పెట్టుకుని వస్తాడు’ అని అచ్చేస్తే, ‘ఏ ముఖం పెట్టుకుని?’ అని హాల్లో సగంమంది నవ్వుతారు.

చిత్రిక:
‘కట్టుకుని’ అనండి. వేషం కట్టడం ఎలాగూ ఉన్న మాటే, పైగా అక్కడ నిజంగా కట్టేది తాడే. జపనీయులు మాత్రం ‘కకెరు’ అంటారు, తగిలించడం అని. పద్ధతి ఇది. ముందు దుస్తులు, విగ్గు పూర్తవ్వాలి. తర్వాత తెరవెనుక ఉన్న అద్దాల గదిలో (కగామి-నో-మా) నటుడు అద్దం ముందు కూర్చుంటాడు. చెవుల దగ్గర తాడు రంధ్రాలున్న అంచుల్ని మాత్రమే పట్టుకుని ముఖాన్ని చేతిలోకి తీసుకుంటాడు. దానికి తలవంచి నమస్కరించి ముఖానికి ఆనిస్తాడు. వెనక ఉన్న సహాయకుడు తల వెనుక తాడు బిగిస్తాడు.

అంచులే ఎందుకంటే, హినోకి (జపాన్ సైప్రస్) చెక్క మీద ఉన్న తెల్లటి పూత గోఫున్, అంటే గుల్లల పొడిని జంతు జిగురుతో కలిపి పొరలు పొరలుగా వేసింది. ఆ జిగురు నీళ్లకి కరుగుతుంది. చెమట వేలు తగిలితే మరక ఉండిపోతుంది. లోపలి వైపు లక్క పూస్తారు కాబట్టి అది చెమటని తట్టుకుంటుంది.

అసలు తంటా మెత్తల దగ్గర. ముఖం లోపల నుదుటికీ బుగ్గలకీ చిన్న మెత్తలు (మెన్-అతే) పెడతారు. నుదుటి మెత్త కాస్త మందమైతే పైభాగం ముందుకు తోసుకొచ్చి ముఖం కిందికి వాలుతుంది. ఇక ఆట ఆసాంతం పాత్ర ఏడుస్తున్నట్టే ఉంటుంది. పలచనైతే ముఖం పైకెత్తి, శోకఘట్టంలోనూ చిరునవ్వు. తాడు వదులైనా మొదటి గతే.

పొద్దు:
అలా వాల్చడానికీ ఎత్తడానికీ వాళ్లకి మాటలున్నాయి కదా, ‘కుమొరసు’, ‘తెరసు’? చిత్తులో ‘తల దించడం, తల ఎత్తడం’ అని ఉంది.

పాతనిఘంటువు:
తెరసు అంటే వెలిగించడం, కుమొరసు అంటే మబ్బు పట్టించడం. తల దించితే మెడ వంగుతుంది. ఇక్కడ కదలిక చాలా కొంచెం, అదీ నడుము నుంచి పట్టిన నిలకడ చెడకుండా. మనకి ‘ముఖం వెలిగింది’ సిద్ధంగా ఉంది. రెండోదానికి ‘చిన్నబోయింది’ అంటే భావం వస్తుంది, మబ్బు పోతుంది. నేనైతే ‘ముఖానికి మబ్బు కమ్మింది’ అంటాను. మూడోది ‘కిరు’, కోయడం: ముఖాన్ని చటుక్కున పక్కకి విసరడం. కోపానికి, ఏదో చప్పుడు విని ఉలిక్కిపడటానికి.

రెండోగంట:
మాట కుదిరినా వేదిక మీద మబ్బు కమ్మకపోవచ్చు, అది చూసుకోమనండి. మామూలు హాల్లో ముందునుంచి బలమైన లైటు వేస్తే నీడలు చచ్చిపోతాయి, ముఖం ఎటు వంచినా ఒకటే. కొద్దిగా పైనుంచి, మెత్తటి వెలుగు కావాలి. మెట్లమెట్లుగా ఎత్తైన సీట్లున్న హాలయితే పైవరస వాళ్లకి ముఖం ఎప్పుడూ వాలినట్టే కనిపిస్తుంది. రిహార్సల్లో ఎవరో ఒకరు పైవరసలో కూర్చుని మెత్తల మందం సరిచేయించాలి.

ఇంకో రెండు. ఒమొతే కళ్లు సన్నటి రంధ్రాలు. కింద నేల కనబడదు, పక్కలు కనబడవు. నో వేదిక ఐదున్నర, ఆరు మీటర్ల చదరం, నాలుగు మూలలా స్తంభాలు. ఎదురుగా మూలనున్న స్తంభం (మెత్సుకె-బషిర) చూసుకుని నటుడు తానెక్కడున్నాడో లెక్కేసుకుంటాడు. కలిపి చేసే ప్రదర్శనల్లో ‘వేదిక ఖాళీగా ఉంటే బాగుంటుంది’ అని స్తంభాలు తీసేస్తే నటుడు అంచు దాటి పడే ప్రమాదం ఉంది. నడుము ఎత్తు కడ్డీ ఒకటి ఆ మూల నిలబెట్టినా చాలు. రెండోది నేల. ‘సురిఅషి’ నడకలో మడమ లేవదు, తెల్ల తబి మేజోళ్లతో నున్నటి హినోకి పలక మీద పాదం జారుతుంది. నాట్యం కోసం పరిచే వినైల్ పట్టా మీద తబి పట్టేసుకుని నడక గెంతులవుతుంది. ‘సురిఅషి’ని ‘పాదం ఎత్తని నడక’ అనండి. ‘ఈడ్చుకుంటూ నడవడం’ అంటే జబ్బుమనిషి గుర్తొస్తాడు.

పొద్దు:
కరపత్రంలో గిగాకు (నో కంటే పాతదైన మాస్కుల నాట్యం) ప్రస్తావన కూడా ఉంది. దానికీ ‘ముఖం’ అనేనా?

పాతనిఘంటువు:
దానికి తొడుగే సరైనది. గిగాకువి తలని పైనుంచి చెవులదాకా కప్పే పెద్ద చెక్క బుర్రలు, తలకి దిగేసుకోవాలి. తలమీద వేసుకోవడానికి జపనీస్ క్రియ ‘కబురు’. మన కబురుతో చుట్టరికం ఏమీ లేదు, వినడానికి మాత్రం సరదాగా ఉంటుంది. 612లో కొరియాలోని పేక్చె రాజ్యం నుంచి మిమాజి అనే ఆయన తెచ్చాడని జపాన్ పాత చరిత్రగ్రంథం నిహోన్ షోకి చెప్పే కళ ఇది. 752లో నారా నగరంలోని తోదాయిజి ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి కళ్లు తెరిపించిన ఉత్సవంలో ఆడారు. ఆ కళ్లు దిద్దింది బోధిసేన అనే భారతీయ భిక్షువు. అప్పటి తొడుగులు కొన్ని షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి. పాత్రల పేర్లలో ‘కరుర’, ‘బరమొన్’ కనిపిస్తాయి. గరుడ, బ్రాహ్మణ. వీటిని కరపత్రంలో జపనీస్ ఉచ్చారణతోనే ఉంచి పక్కన మన మాట రాయండి. గరుడుడు అని నేరుగా రాసేస్తే ఆ పాత్ర చైనా, కొరియా దాటి వచ్చిన దారి చెరిగిపోతుంది.

‘హన్న్యా’కీ అదే. కొమ్ములు, కోరలున్న అసూయాగ్రస్త స్త్రీ ముఖం అది. ఆ మాట ‘ప్రజ్ఞ’కి చైనా మీదుగా వచ్చిన రూపం. ఆ ముఖానికి ఆ పేరు హన్న్యాబో అనే సన్యాసి శిల్పి వల్ల వచ్చిందని అక్కడి సంప్రదాయం. ‘ప్రజ్ఞా ముఖం’ అని అనువదిస్తే మాత్రం పాఠకుడు గౌతమబుద్ధుణ్ణి ఊహించుకుంటాడు!

చిత్రిక:
హన్న్యాని ‘రాక్షసి’ అని కూడా అనకండి. కోపమంతా నోట్లో ఉంది, కనుబొమలు బాధలో ముడిపడి ఉంటాయి. మబ్బు కమ్మినప్పుడు కోరలు నీడలోకి వెళ్లి ఆ బాధే మిగులుతుంది.

పొద్దు:
చివరగా ఒక వాక్యం: ‘శుద్ధ జపాన్ సంప్రదాయం, ఆధునిక పాశ్చాత్య నృత్యంతో తొలిసారి చేయి కలుపుతోంది.’

రెండోగంట:
‘శుద్ధ’, ‘తొలిసారి’ రెండూ తీసేయండి. గిగాకు సంగతి పైనే చెప్పుకున్నాం. 1916లోనే లండన్‌లో కవి యేట్స్ నో పద్ధతిలో రాసిన నాటకంలో డేగగా ఆడినవాడు ఇతో మిచియో. ఆయన నో నటుడు కాడు, జర్మనీలో డాల్‌క్రోజ్ పద్ధతి (సంగీతపు లయని ఒంటి కదలికతో నేర్పే శిక్షణ) నేర్చుకున్న నర్తకుడు. ముఖాలు చేసింది ఫ్రాన్సులో పుట్టిన ఎడ్మండ్ డులాక్. 1949లో అదే కథని జపాన్‌లో యోకోమిచి మారియో నోగా మలిచాడు. ఏది ఎవరిదో తేల్చడం కష్టం. ‘కలిసి చేస్తున్నారు’ అంటే చాలు.

పాతనిఘంటువు:
మన వైపు ఉదాహరణ కావాలంటే తంజావూరు జిల్లా మెలట్టూరులో ఆడే భాగవతమేళ నాట్యనాటకం ఉంది. తెలుగు ప్రహ్లాద చరిత్రలో నరసింహుడి ముఖాన్ని గుడిలో పూజిస్తారు, అది కట్టుకునే నటుడు ఉపవాసం ఉంటాడు. నోలో ‘ఒకినా’ అనే పూజలాంటి ఆటకి దగ్గరగా ఉంటుంది. అందులో నటుడు అద్దాల గదిలో కాకుండా ప్రేక్షకుల ముందే పెట్టెలోంచి తీసి ముఖం కట్టుకుంటాడు. దాని దవడ విడిగా ఉండి తాళ్లతో వేలాడుతుంది. కరపత్రంలో ఒక్క వాక్యం చాలు, రెండూ ఒకటే అని మాత్రం రాయకండి.

రెండోగంట:
శీర్షిక కూడా చూడండి. గోడమీద ‘నో నాటకం’ అని పెద్దక్షరాల్లో వేస్తే ‘నో పార్కింగ్’ లాగా చదువుతారు. లోపల ఎన్నిసార్లు ‘నో’ అన్నా ఫరవాలేదు గానీ పైన ‘నోగాకు’ అని వేయండి. నో, దాని జంట హాస్యనాటకం క్యోగెన్ రెండూ కలిపిన పేరు అదే, 2008లో యునెస్కో జాబితాకెక్కింది కూడా ఆ పేరుతోనే.