ఫైనాన్స్ శాఖలో కొత్తగా చేరినవారు సీనియర్ ఆచార్యులను ఏమి అడగాలి?

ప్రశ్న (అసిస్టెంట్ ప్రొఫెసర్, ఫైనాన్స్)

అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్ల క్రితం చేరాను. వారానికి 16 గంటల బోధన, ఆపైన పరీక్షల పనులు, అడ్మిషన్ల పనులు పోగా మిగిలిన సమయంలో నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నుంచి ఒక పేపర్ తయారుచేశాను. అది రెండు పత్రికల నుంచి తిరిగి వచ్చింది. మా శాఖలోని సీనియర్ ప్రొఫెసర్ గారు ఎంతో ఆదరంగా మాట్లాడతారు. అయితే "నాకు దారి చూపించండి సార్" అని అడిగితే "తప్పకుండా" అంటారు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. వారి పేరును సహ రచయితగా చేరిస్తే పేపర్ త్వరగా అచ్చవుతుందని తోటివారు చెబుతున్నారు. అలా చేయడం సరైనదేనా?

సమాధానం (విశ్రాంత ఆచార్యుడు)

"దారి చూపించండి" అన్న కోరికకు ఏ సీనియర్ దగ్గరా తక్షణ సమాధానం ఉండదు. దానికి బదులు, "సార్, ఈ మూడో పట్టికలోని ఫలితాన్ని మీరు నమ్ముతారా?" అని అడిగి, ఆ ఒక్క పేజీ వారి చేతిలో పెట్టి, అరగంట సమయం కోరండి.

కొన్నేళ్ల క్రితం ఒక యువ సహోద్యోగిని పదేళ్ల షేర్ల రాబడుల మీద రాసిన పేపర్‌ను నా దగ్గరకు తెచ్చారు. ఆమె ఆనాటి నిఫ్టీ 500 జాబితాలో (నేషనల్ స్టాక్ ఎక్స్చేంజీలోని 500 పెద్ద కంపెనీల సూచీ) ఉన్న కంపెనీలను తీసుకొని, అక్కడి నుంచి పదేళ్లు వెనక్కి లెక్కవేశారు. ఆ జాబితాను ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు, చితికిపోయిన కంపెనీలు అందులోంచి జారిపోతాయి, కాబట్టి ఆమె చేతిలో మిగిలినవి నిలదొక్కుకున్న కంపెనీలే. "పదేళ్ల కిందట ఉండి ఇప్పుడు లేనివి ఎక్కడమ్మా?" అని అడిగాను. అప్పటికే ఆమె ఎనిమిది నెలలు కష్టపడ్డారు. ఆ ప్రశ్న మొదటి నెలలోనే ఎవరైనా అడిగి ఉండవలసిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తర్వాత ఆమె భారతీయ కంపెనీల వివరాలుండే ప్రోవెస్ డేటాబేస్, స్టాక్ ఎక్స్చేంజీల జాబితాల సాయంతో, తొలగిపోయిన కంపెనీలను కూడా కలిపి మళ్లీ లెక్కవేశారు. రాబడులు తగ్గాయి, కానీ పేపర్ నిలబడింది.

మీకు వచ్చిన తిరస్కరణ లేఖలను దాచుకోకండి. ఏళ్ల తరబడి పత్రికలకు సమీక్షలు రాసినవారికి, ఆ లేఖలోని పది వ్యాఖ్యల్లో ఏది అసలు అభ్యంతరమో, ఏవి మర్యాదకు రాసినవో ఒక్క చూపులో తెలుస్తుంది.

సమాధానం (అసోసియేట్ ప్రొఫెసర్, అర్థశాస్త్రం)

సార్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే సొంత శాఖలోని సీనియర్ దగ్గర లోపాలు విప్పి చెప్పుకోవడం కష్టం, ఎందుకంటే రేపు మన పదోన్నతి ఫైలు మీద అభిప్రాయం చెప్పేది వారే. అందుకే బయటివారు ఒకరు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్‌కు చెందిన మహిళా కమిటీ 2004 నుంచి యువ అధ్యాపకురాళ్లకు రెండు రోజుల కార్యశాలలు నడిపింది. దరఖాస్తులు సీట్ల కంటే ఎక్కువ రావడంతో లాటరీ తీసి ఎంపిక చేశారు, అందువల్ల అవకాశం దొరికినవారిని, దొరకనివారిని న్యాయంగా పోల్చడం వీలయింది. హాజరైనవారు తర్వాతి సంవత్సరాల్లో ఎక్కువ పేపర్లు ప్రచురించారని ఆ పరిశీలనలో తేలింది. అక్కడ చేసింది పెద్ద ఉపన్యాసాలేమీ కాదు: ఒకే రంగానికి చెందిన కొద్దిమంది ఒక బృందంగా కూర్చొని, ముందే పంపుకున్న చిత్తుప్రతులను సీనియర్ల సమక్షంలో చర్చించుకున్నారు. మూడు నాలుగు విశ్వవిద్యాలయాల ఫైనాన్స్ అధ్యాపకులు నెలకొక శనివారం ఆన్‌లైన్‌లో కలిస్తే మన దగ్గరా ఇది సాధ్యమే, ఖర్చు కూడా లేదు.

సమాధానం (అసిస్టెంట్ ప్రొఫెసర్, వాణిజ్యశాస్త్రం)

పేరు చేర్చే విషయం గురించి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వాణిజ్య, నిర్వహణ శాస్త్రాల అధ్యాపకుల పరిశోధన స్కోరులో ఒక పేపర్‌కు మూల విలువ 10 పాయింట్లు. ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే 7 వస్తాయి. పని పంచుకున్నవారి పేరు తప్పక ఉండాలి, చదివి సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతల్లో చోటు ఉంది. ఈ సంగతి పని మొదలుపెట్టే ముందే, మర్యాదగా, ఈమెయిల్‌లో స్పష్టం చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండు తిరస్కరణ లేఖలనూ, నా పేపర్‌లో నాకు సందేహమున్న రెండో పట్టికనూ తీసుకొని గురువారం మా శాఖలోని సీనియర్ సార్‌ను కలుస్తున్నాను. నా డేటా కూడా ఇప్పటి జాబితా నుంచి తీసుకున్నదే, కాబట్టి మొదట ఆ ప్రశ్నే అడుగుతాను. శనివారం చర్చలకు ఆసక్తి ఉన్నవారు దయచేసి ఇక్కడే తెలియజేయండి, మొదటి చిత్తుప్రతి నాదే పంపుతాను.